1/72 మిగ్-21: విరిగిన భాగాలు ఇంట్లో చేసుకోవచ్చా, ఫొటో ఎలా తీయాలి?

మీరు శ్రీకాకుళం నుంచి అడిగినవి రెండు. 1/72 (అంటే అసలు విమానంలో 72వ వంతు) మిగ్-21 బిస్ (మిగ్-21 యుద్ధవిమానంలో ఒక రకం) ప్లాస్టిక్ మోడల్ కిట్‌లో పిటో ట్యూబ్ (వేగం కొలవడానికి ముక్కు దగ్గర ముందుకు పొడుచుకొచ్చే సన్న గొట్టం) విరిగి, కానోపీ (పైలట్ మీద ఉండే పారదర్శకమైన మూత) పగిలి వచ్చాయి, వాటిని ఇంట్లో చేసుకోవచ్చా? ఫోన్‌తో తీస్తే బొమ్మలా కాకుండా నిజం విమానంలా ఎలా వస్తుంది? నేను విజయనగరంలో చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను (మా ఇంట్లో దీన్ని పని అనరు, పిచ్చి అంటారు). నా మాట వింటే రెండో ప్రశ్న ముందు తేల్చుకోండి. ఫొటో ఏ పక్క నుంచి తీస్తారో ఖాయం చేసుకుంటే, ఏ ముక్క మీద కష్టపడాలో, దేన్ని వదిలేయొచ్చో తెలిసిపోతుంది. చక్రాల గూళ్లలో పైపులన్నీ ఓపిగ్గా చేసి, చివరికి ఫొటో పైనుంచి తీసేవాళ్లు బోలెడంత మంది.

పిటో ట్యూబ్ ఏ పక్క నుంచి తీసినా కనిపిస్తుంది, కాబట్టి తప్పదు. దీనికి ఇంజెక్షన్ సూదిని మించింది లేదు. మెడికల్ షాపులో కొత్తవి, 22 గేజ్ ఒకటి, 30 గేజ్ ఒకటి అడగండి. మొదటిది బయట సుమారు 0.7 మి.మీ., రెండోది 0.3. సన్నది లావుదాంట్లోకి దూరుతుంది, అసలు దాంట్లాగే వెనక లావుగా, ముందు సన్నగా వస్తుంది. కటింగ్ ప్లేయర్‌తో కత్తిరిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. ఆకురాయి అంచుతో చుట్టూ గాడి పెట్టి విరవండి, మొన కూడా అప్పుడే అరగదీసేయండి. ఎక్కడ పెట్టాలో చూసుకోండి. 1963లో మన వైమానిక దళానికి వచ్చిన మొదటి రకానికి అది ముక్కు కింద ఉండేది. మీ బిస్‌కి ముక్కు పైన, పైలట్‌కి కుడి పక్కకి కొంచెం జరిగి ఉంటుంది.

కానోపీకి ఓపిక కావాలి. పగిలినదాన్ని పారేయకండి, అదే మీ అచ్చు. బయట సెల్లోటేపుతో అతికించి, లోపల పల్చగా కొబ్బరినూనె రాసి, ఎం-సీల్ కూరి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఊడదీస్తే దిమ్మ తయారు. దాన్ని నున్నగా రుద్ది, కింద పుల్ల అతికించండి. దిమ్మ మీద గీత ఉంటే ఆ గీత కానోపీలోనూ దిగుతుంది. ఇప్పుడు దిమ్మకంటే ఒక మిల్లీమీటరు పెద్దగా చెక్కలో రంధ్రం కోసి, బొమ్మల ప్యాకింగ్‌లో వచ్చే పారదర్శకమైన రేకును దాని మీద పిన్నులతో బిగించాలి. కూల్‌డ్రింక్ సీసా వద్దు, వేడికి ముడుచుకుపోతుంది. కిటికీలు తీసి, సన్న మంటకి జానెడు ఎత్తున పట్టుకోండి. రేకు ముందు ముడతలు పడుతుంది, తర్వాత మెల్లగా కిందికి వాలుతుంది. ఆ వాలిన క్షణాన దిమ్మని గట్టిగా నొక్కాలి. రెండు మూడు పాడవుతాయి, రేకు ఊరికే వచ్చిందే కదా. అతికించడానికి మాత్రం ఫెవికాలే. ఫెవిక్విక్ వాడారా, దాని ఆవిరికి కానోపీ లోపల తెల్లటి పొర కమ్ముకుంటుంది.

మిగ్‌కి అక్కర్లేదు గానీ, రేపు రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానం చేస్తే తీగ యాంటెన్నా కావాలి. మీ జిల్లాలోనే పొందూరు ఉంది కదా అని నూరో నంబరు నూలు పోగు పట్టుకొచ్చి చూశాను. మందం సరిగ్గా సరిపోయింది, కానీ దగ్గరి ఫొటోలో నూగు కనిపిస్తుంది. కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము ముక్కని కొవ్వొత్తి మీద వేడిచేసి లాగితే వచ్చే పోగే మేలు.

రంగు సంగతి ఒక్క మాట. వానాకాలంలో మన వైపు గాలిలో తేమకి స్ప్రే పెయింట్ తెల్లగా పాలిపోతుంది, ఎండ కాసిన రోజు చూసుకుని కొట్టండి. విమానం ఒంటి మీద రేకుల అతుకుల గీతల్లో నల్లరంగు దట్టంగా నింపకండి. వైజాగ్ ఆర్కే బీచ్‌లో 2017లో టీయూ-142 మ్యూజియం పెట్టారు. అది వేరే విమానమే అయినా, పది పదిహేను మీటర్ల దూరంలో నిలబడి చూడండి, ఆ గీతలు ఎంత కనిపిస్తాయో మీకే తెలుస్తుంది.

ఇక ఫొటో. మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లనుకుంటే, 72తో భాగిస్తే 22 మి.మీ. మీ లెన్స్ నేల నుంచి అంతే ఎత్తులో ఉండాలి. మామూలుగా పట్టుకుంటే అంత కిందికి రాదు, ఫోన్‌ని తలకిందులుగా తిప్పి నేలకి ఆనించండి. రెక్కల వెడల్పే పది సెంటీమీటర్లు కదా అని మరీ దగ్గరికి వెళ్తే ముక్కు ఉబ్బిపోయి, తోక మసకబారుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి, తర్వాత క్రాప్ చేసుకోండి. కింద 400 నంబరు నల్ల ఎమెరీ పేపరు పరిస్తే రన్‌వే. 80 నంబరు వేస్తే కంకర పరిచినట్టుంటుంది. ట్యూబ్‌లైట్ కింద తీస్తే నీడ అంచులు చెదిరిపోతాయి, ఎంత బాగా చేసినా బొమ్మే అని పట్టేస్తారు. పొద్దున ఏడింటికి మేడ మీద, పిట్టగోడ ఎత్తులో బల్ల వేసి, వెనక దూరంగా తాటిచెట్లో కొండో వచ్చేలా చూసుకోండి.

కానోపీ తెరిచి తీయాలనుకుంటే, బిస్‌కి అది కుడివైపుకి తెరుచుకుంటుంది. కాబట్టి ఎడమ నుంచి తీస్తేనే సీటు కనిపిస్తుంది. అప్పుడు మాత్రం టాబ్లెట్ స్ట్రిప్ రేకులోంచి అర మిల్లీమీటరు పట్టీలు కోసి, సీటు బెల్టులు పెట్టక తప్పదు.