మీ లెక్కలో మైనస్ ఎక్కడ తప్పిందంటే

5 − 2(ఎక్స్ − 3) = 3ఎక్స్ + 1 చేస్తే −2/5 వస్తోంది, పుస్తకంలో 2 ఉంది అన్నారు కదండీ. పుస్తకమే కరెక్ట్. బ్రాకెట్ విప్పేటప్పుడు −2తో −3ని గుణిస్తే +6 రావాలి, మీరు −6 వేశారు. సరిచేస్తే 11 − 2ఎక్స్ = 3ఎక్స్ + 1, అంటే 10 = 5ఎక్స్. వచ్చిన 2ని మొదటి సమీకరణంలోనే పెట్టి చూడండి. రెండు వైపులా 7 రావాలి. పరీక్షలో ఈ అర నిమిషం దయచేసి వదులుకోకండి.

అసమానతల్లోనూ మైనస్సే ముంచుతుంది: −3ఎక్స్ > 12ని −3తో భాగిస్తే గుర్తు తిరగబడి ఎక్స్ < −4 అవుతుంది.

మీరు అమెరికాలో చదువుతుంటే, అక్కడ చాలా కమ్యూనిటీ కాలేజీల్లో (ఎక్కువగా రెండేళ్ల కోర్సులుండే ప్రభుత్వ కాలేజీలు) విద్యార్థులకు ట్యూటరింగ్ ఉచితం. వెళ్లేటప్పుడు జవాబులు కాదు, రఫ్ వర్క్ మొత్తం పట్టుకెళ్లండి. ఏ లైన్లో తప్పారో అక్కడే దొరుకుతుంది.