ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, 12 నెలల టేబుళ్లున్న లిస్టులోని ఒక్కో టేబుల్‌నూ విడి వేరియబుల్‌గా మార్చడం ఎలా?

లిస్ట్‌2ఎన్వ్ అనే ఫంక్షన్ ఉంది. మొదట లిస్టు పేరు ఇచ్చి, ఎన్విర్ దగ్గర గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ (మీ వేరియబుళ్లు ఉండే చోటు, అదే వర్క్‌స్పేస్) అని రాయండి. మీ 12 నెలల టేబుళ్లూ వర్క్‌స్పేస్‌లోకి వచ్చేస్తాయి. ఆ రెండోది రాయకపోతే ఆర్ కొత్త ఎన్విరాన్‌మెంట్ ఒకటి తయారుచేసి అన్నిటినీ అందులో పెడుతుంది, మీకు బయట ఏమీ కనిపించదు. అడిగినదానికి జవాబు అయిపోయింది. కానీ ఆ పని చేయవద్దనే నేను చెబుతాను.

మా ఆఫీసులో ఒక కుర్రాడు రక్తపోటు సర్వే లెక్కలు చూసేవాడు. స్త్రీపురుషుల వివరాలను స్ప్లిట్ అనే ఫంక్షన్‌తో రెండు టేబుళ్ల లిస్టుగా విడగొట్టాడు. లింగం కాలమ్‌లో ఉన్నవి ఎఫ్, ఎం అనే ఒంటి అక్షరాలే కాబట్టి లిస్టులోనూ అవే పేర్లు. దాని మీద లిస్ట్‌2ఎన్వ్ నడిపాడు. ఎర్రర్ లేదు, హెచ్చరిక కూడా లేదు. సాయంత్రం ఫలితాలను సీఎస్‌వీ ఫైలుగా రాయబోతే రో నేమ్స్ చెల్లవని ఎర్రర్. పొద్దున చక్కగా నడిచిన కోడ్ వరుసే అది, రో నేమ్స్ (అడ్డు వరుసల పేర్లు) వద్దని చెప్పడానికి అక్కడ ఎఫ్ అని ఉంది, ఫాల్స్‌కు పొట్టి పేరు అది. ఆర్‌ను మూసి తెరిచాడు, ప్యాకేజీలు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు. ఊహూఁ.

నన్ను పిలిస్తే వెళ్లి, కన్సోల్‌లో ఎఫ్ అని ఒక్క అక్షరం కొట్టమన్నాను. ఫాల్స్ అని రావలసిన చోట సర్వేలోని ఆడవాళ్ల వయసులు, బీపీలు తెర నిండా వచ్చిపడ్డాయి! ఫాల్స్ అనే పూర్తి మాటను ఆర్‌లో ఎవరూ మార్చలేరు. ఎఫ్‌కు ఆ రక్షణ లేదు, అది మామూలు వేరియబులే. మూసి తెరిచినా పోలేదెందుకంటే, మూసేటప్పుడు వర్క్‌స్పేస్‌ను దాచమంటారా అని ఆర్ అడిగింది, ఇతగాడు సరేనన్నాడు. తెరవగానే, అలా దాచిన ఆర్‌డేటా ఫైలు లోంచి ఆ టేబుల్ మళ్లీ దిగింది. వేరియబుళ్లను తీసేసే ఆర్‌ఎం ఫంక్షన్‌తో ఎఫ్‌ను తొలగించాక దారికొచ్చింది.

వర్క్‌స్పేస్‌ను దాచమంటారా అన్న ఆ ప్రశ్నను ఆర్ ఇంకా ఎందుకు అడుగుతుందో నాకు అంతుపట్టదు. దానికి తోడు, టేబుల్‌లోని కాలమ్‌లను నేరుగా వాటి పేర్లతో వాడుకోనిచ్చే అటాచ్‌ను మొదటి పాఠంలోనే నేర్పే గురువులు! అటాచ్ చేశాక ఒక కాలమ్‌ను మార్చి చూడండి, అసలు టేబుల్‌లో ఏమీ మారదు.

టేబుళ్లను విడగొట్టడం ఎలా అని అడిగేది ఎక్కువగా ఎక్సెల్ నుంచి వచ్చినవాళ్లేనని నా గట్టి నమ్మకం. ప్రతి షీటూ కళ్లెదుట కనబడాలి వాళ్లకు. విడగొట్టారనుకోండి, రేపు నెలవారీ సగటు కావలసివస్తే ఒకే కోడ్ వరుసను 12 సార్లు రాస్తారు. లిస్టుగానే ఉంచితే, లిస్టులోని ప్రతిదాని మీదా ఒకే పని నడిపే లాప్లై ఒక్కదానితో సరి. జనవరి ఒక్కటే చూడాలంటే లిస్టు పేరు తర్వాత డాలర్ గుర్తు పెట్టి ఆ నెల పేరు రాయండి, చాలు.

ఇంత చెప్పినా విడగొట్టే తీరుతానంటే, ముందు లిస్టుకు పేర్లున్నాయో లేదో నేమ్స్ ఫంక్షన్‌తో చూసుకోండి. ఎక్సెల్ షీట్ల పేర్ల మీద లాప్లై నడిపి చదివించి ఉంటే ఆ పేర్లు లిస్టుకు రావు, లిస్ట్‌2ఎన్వ్ మొదటి అడుగులోనే ఆగిపోతుంది.