కత్తి పక్కన పెట్టి మళ్లీ రాయి

తమ్ముడికి ఆశీస్సులు.

జపాన్ యోధవర్గం సమురాయ్‌ల మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. భాష బాగుంది, చదివించే గుణం ఉంది. కానీ చివర్లో నీ సమురాయ్ ఒంటరిగా కత్తి దూసి తుపాకుల మీదికి పరిగెత్తగానే నా ప్రాణం ఉసూరుమంది. అక్కడ నువ్వు మనిషిని చూసి రాయలేదు, ఎవరో ఎప్పుడో గీసిపెట్టిన బొమ్మను చూసి రాశావు.

1868 జనవరిలో క్యోటో దగ్గర తోబా, ఫుషిమిల్లో బోషిన్ యుద్ధం అనే అంతర్యుద్ధం మొదలైంది. రెండు వైపులా తుపాకులే, రెండు వైపులా సమురాయ్‌లే. చక్రవర్తి పేరు మీద దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు, అంటే షోగన్, యోషినోబు అప్పటికే అధికారాన్ని చక్రవర్తికి అప్పగించేశాడు. షోగన్‌కు ఎదురుతిరిగిన సత్సుమా, చోషూ సంస్థానాల సేనలు చక్రవర్తి జరీ జెండా ఎత్తేసరికి, నిన్నటిదాకా ప్రభుత్వం తామే అనుకున్నవాళ్లు రాజద్రోహులైపోయారు. యోషినోబు తన సైన్యాన్ని ఒసాకాలో వదిలి, రాత్రికి రాత్రి ఓడెక్కి ఎదో నగరానికి (ఇప్పటి టోక్యోకి) వెళ్లిపోయాడు. తెల్లారి లేచి, దొర లేడని తెలుసుకున్న సైనికుడికి ఎలా ఉండి ఉంటుంది? నీ కథలో అతను ఎక్కడా లేడు.

షోగన్ పక్షాన నిలిచిన అయిజు సంస్థానం ఘట్టం నువ్వు అరపేజీలో తేల్చేశావు. నాకైతే కథంతా అక్కడే ఉంది. తెల్లపులి దళం, అంటే బ్యక్కోతాయ్‌లో ఉన్నవాళ్లు 16, 17 ఏళ్ల పిల్లలు. ఓడిపోయి, చెల్లాచెదురై, ఒక కాలువ సొరంగంలో నీళ్లలోంచి నడిచి ఇయిమోరి కొండ మీదికి చేరారు. కింద ఊరంతా పొగ. కోట పడిపోయిందనుకుని ప్రాణాలు తీసుకున్నారని అందరూ చెప్పుకుంటారు, నువ్వూ అదే రాశావు. నిజానికి కోట మరో నెల నిలబడింది. వాళ్లలో ఒక్కడు, ఇయినుమా సదకిచి, బతికి బయటపడ్డాడు. అతను తర్వాత చెప్పినదాంట్లో పొగ కన్నా పెద్ద విషయం ఇంకోటి ఉంది. వాళ్లు ముందు వాదించుకున్నారు. కోటకు తిరిగి వెళ్దామని కొందరు, శత్రువు మీద పడదామని కొందరు. ఎటు వెళ్లినా పట్టుబడితే పరువు పోతుందన్న భయంతోనే ఆ నిర్ణయానికి వచ్చారు. తడిసిన బట్టలతో, ఆకలితో, ఆ వయసు పిల్లలు ఒకరి మాటకొకరు అడ్డం వస్తూ వాదించుకుంటున్న ఆ కాసేపే నీ కథ. పొగను ఎవరైనా వర్ణిస్తారు తమ్ముడూ, ఆ మాటలు వినాలి.

అదే సమయంలో కోట లోపల యమమోతో యాయెకో అనే అమ్మాయి జుట్టు కత్తిరించుకుని, తోబా-ఫుషిమి పోరులో గాయపడి చనిపోయిన తమ్ముడి బట్టలు వేసుకుని, స్పెన్సర్ తుపాకీ పట్టుకుని పోరాడింది. కత్తులు ఒకవైపు, తుపాకులు ఇంకోవైపు అన్న నీ లెక్క ఇక్కడే తప్పింది.

ఇంకా తిరకాసు 1877లో, కొత్త ప్రభుత్వం మీద సమురాయ్‌లు చేసిన తిరుగుబాటులో ఉంది. అప్పటికి సంస్థానాలు పోయాయి, నిర్బంధ సైనిక సేవ వచ్చింది. 1876లో కత్తి కట్టుకోవడం మీద నిషేధం పడింది, తాతల నాటి నుంచి వచ్చే జీవనభృతి ప్రభుత్వ బాండ్లుగా మారిపోయింది. ఇదంతా చేసినవాళ్లు కూడా సమురాయ్ ఇళ్లలో పుట్టినవాళ్లే. ప్రభుత్వాన్ని నడిపిన ఓకుబో తోషిమిచి, దాని మీద తిరగబడిన సైగో తకమోరి, ఇద్దరూ కగోషిమాలో ఒకే పేటలో పెరిగారు. తబరుజకా కొండదారిలో వాన పడితే సైగో సేనల పాత తుపాకులు పేలక ఇబ్బంది పెట్టాయి. ప్రభుత్వమేమో పోలీసుల్లోంచి కత్తి తిప్పడం వచ్చినవాళ్లను ఏరి, బత్తోతాయ్ అనే దళం కట్టి వాళ్ల మీదికి పంపింది. చూశావా, ఆధునిక ప్రభుత్వం చేతికే కత్తి వచ్చింది. సెప్టెంబర్ 24న షిరోయామా కొండ మీద సైగో చనిపోయాడు. మరుసటి ఏడాది ఓకుబోను మాజీ సమురాయ్‌లే టోక్యోలో నరికి చంపారు. ఈ ఇద్దరిలో ఒకరిని వీరుడిగా, ఇంకొకరిని దుర్మార్గుడిగా చేయకు. ఎవరి వాదన రాస్తున్నా అతని ఇంట్లో భోజనం చేసి వచ్చినట్టు రాయి.

తేదీలు తప్పుతాయేమోనని టెన్షన్ పడకు, అవి నేను సరిచూస్తాను. ఇయినుమా తర్వాత టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసి, 1931 దాకా బతికాడు. ఆ కొండ గురించి చాలా ఏళ్లు నోరు విప్పలేదు. నువ్వు కథను అక్కడ మొదలుపెట్టు: తంతి యంత్రం ముందు కూర్చున్న ఒక మధ్యవయసు ఉద్యోగి, బయట వాన. మొదటి రెండు పేజీలు రాసి పంపు. చేత్తో రాసినా పర్లేదు, చదువుతాను.

నీ శ్రేయోభిలాషి