మెల్ షెపర్డ్ స్వర్ణాలు 3 కాదు, 4

క్విజ్ కోసం అమెరికా పరుగు వీరుడు మెల్ షెపర్డ్ ఒలింపిక్ స్వర్ణాలెన్నో వెతికితే, ఒకచోట 3, ఇంకోచోట 4 ఉన్నాయన్నారు కదా, 4 అనే రాయండి, టెన్షన్ వద్దు. 1908 లండన్ ఒలింపిక్స్‌లోనే మూడు వచ్చాయి: 800 మీటర్లు (1:52.8, అప్పటి ప్రపంచ రికార్డు), 1500 మీటర్లు, రిలే. నాలుగోది 1912 స్టాక్‌హోమ్ రిలేలో. రెండు రిలేలూ మొత్తం 1600 మీటర్లే, అందుకే రెండూ ఒక్కటే అనిపించొచ్చు. కానీ లండన్‌లో 200, 200, 400, 800 మీటర్లుగా పరిగెత్తారు, చివరి 800 షెపర్డ్‌ది. స్టాక్‌హోమ్‌లో తలా 400.

స్టాక్‌హోమ్ 800లో మాత్రం రజతమే అండి. అమెరికాకే చెందిన టెడ్ మెరెడిత్ 1:51.9, షెపర్డ్ 1:52.0. సెకనులో పదో వంతు! నాకైతే ఇప్పటికీ బాధే. తర్వాత ఆ మెరెడిత్‌తో కలిసే రిలే గెలిచాడు.