పెరటి ప్రశ్నలు: ముసలాకా, చిగురా?

ప్రశ్న: నమస్కారం సార్. న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడ చలికాలం బయట ఏమీ పెరగదు కాబట్టి బేస్‌మెంట్‌లో ఎల్ఈడీ లైట్ల కింద కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) పచ్చిమిర్చి వేశాను. ఆర్వో నీళ్లు పోస్తున్నాను, వారం వారం 20-20-20 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) ఇస్తున్నాను. పూత మొదలయ్యాక కింది ఆకులు పసుపు తిరుగుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. పూత కూడా రాలిపోతోంది. ఒకరు ఐరన్ అన్నారు, ఒకరు కాల్షియం అన్నారు, ఇంకొకరు పూతకు పొటాష్ పెంచమన్నారు. మూడు సీసాలూ కొన్నాను. ఏది ముందు పోయాలి?
(ఓ పాఠకురాలు, ఎడిసన్)

జవాబు: మూడూ వద్దమ్మా. ముందు వాటిని తీసి పక్కన పెట్టండి.

మీరు పంపిన ఫొటోలు ఊదా రంగు లైటు కింద తీసినవి. ఆ వెలుగులో ఆరోగ్యమైన ఆకు కూడా జబ్బుదానిలాగే ఉంటుంది. కుండీని పగటిపూట కిటికీ దగ్గరకు తెచ్చి చూడండి. మొట్టమొదట పాడైంది ముసలాకా, చిగురా? ఉద్యోగం చేసినన్నాళ్లూ రైతులను నేను ముందు అడిగింది ఇదే, ఇప్పుడు మిమ్మల్ని అడిగేదీ ఇదే.

నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం తక్కువైతే మొక్క వాటిని ముసలాకుల్లోంచి లాగి చిగుళ్లకు, పిందెలకు పంపుతుంది. అందుకే కింది ఆకులు ముందు దెబ్బతింటాయి. ఐరన్, కాల్షియం అలా కదలవు, వాటి లోపం చిగురులోనే తెలుస్తుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో బత్తాయి చిగుళ్లు తెల్లగా పాలిపోవడం మీలో తోటలున్న వాళ్లు చూసే ఉంటారు, అది ఐరన్ లోపం. మీకు పాడైనవి కింది ఆకులు, పైగా ఈనెలు పచ్చగా ఉన్నాయి. అంటే మెగ్నీషియం తగ్గింది. నత్రజని అయితే ఈనెలతో సహా ఆకంతా పాలిపోయేది. పొటాష్ అయితే ఆకు అంచు మాడేది.

ఇలా ఎందుకైందో మీ ఉత్తరంలోనే ఉంది. ఆర్వో నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. 20-20-20 ప్యాకెట్లు చాలావాటిలో ఆ రెండూ కలపరు. కోకోపీట్ ఉన్న కొంచెమూ తనలో పట్టేసుకుంటుంది. దీని మీద పొటాష్ కూడా పెంచితే మెగ్నీషియం వేళ్లకు అందడం ఇంకా కష్టమవుతుంది. పూత అనగానే పొటాష్ అనే సలహా ఎక్కడ పుట్టిందో గానీ, కుండీ మొక్కల్ని అది బాగానే ఏడిపిస్తోంది.

నాలుగు లీటర్ల నీళ్లకు తలగొట్టిన టీ చెంచాడు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి ఒక వారం పోయండి. మరుసటి వారం కాల్షియం నైట్రేట్ అంతే పలచగా ఇవ్వండి. రెండింటినీ చిక్కగా ఒకే డబ్బాలో కలిపితే జిప్సమ్‌గా మారి అడుగున తెల్లగా పేరుకుపోతుంది. 20-20-20 మోతాదు సగం చేయండి, ఆర్వో నీళ్లలో సగం కుళాయి నీళ్లు కలపండి. పసుపు తిరిగిన ఆకులు పూర్తిగా మళ్లీ పచ్చబడవు, వాటిని చూసి టెన్షన్ పడొద్దు. పైన ఉన్నవాటికి పసుపు పాకకుండా ఆగిందా లేదా, అంతే చూడండి. అట్టడుగున ఒకటి రెండు ఆకులు పండి రాలడం మామూలే. కుండీ అంచున తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే మాత్రం ఎరువు ఎక్కువైనట్టే. అప్పుడు అడుగు నుంచి ధారగా కారేదాకా ఉత్త నీళ్లు పోయండి.

పూత రాలడం వేరే సంగతి. మీ బేస్‌మెంట్‌లో రాత్రి 15 డిగ్రీల సెల్సియస్ దాటుతోందా? అంతకన్నా చల్లగా ఉంటే మిర్చి పూత నిలవదు. గాలీ లేదు, తేనెటీగా లేదు కాబట్టి చిన్న ఫ్యాన్ పెట్టండి, మధ్యాహ్నం పూల కాడల్ని వేలితో మెల్లగా తట్టండి. నత్రజని ఎక్కువైనా ఆకు గుబురుగా వచ్చి పూత రాలుతుంది, 20-20-20 తగ్గించమన్నది అందుకు కూడా.

ఇంకొకటి. చిగురాకులు ముడుచుకుంటే ఎరువుల జోలికి పోకుండా భూతద్దం తీసి ఆకు అడుగున చూడండి. దొప్పలా పైకి ముడిస్తే తామర పురుగు (త్రిప్స్), కిందికి ముడిస్తే నల్లి (మైట్). ఇంట్లో పెంచినంత మాత్రాన ఇవి రావనుకోవద్దు.

ప్రశ్న: డాబా మీద టమాటా కాయలకు అడుగున నల్లగా గుంట పడుతోంది. కోడిగుడ్డు పెంకులు వేస్తున్నా తగ్గడం లేదు.
(ఓ పాఠకుడు, విజయవాడ)

జవాబు: అది తెగులు కాదు, కాయ చివరికి కాల్షియం అందకపోవడం. పెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకు అవి పనికిరావు. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, నీళ్ల తీరే సరిగా ఉండదు. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే ఇలాగే అవుతుంది. ఎండాకాలం ఉదయం, సాయంత్రం కొద్ది కొద్దిగా పోయండి, మట్టి మీద ఎండుటాకులు పరవండి. నల్లబడ్డ కాయలు కోసేయండి. నల్లటి భాగం తీసేసి మిగతాది పప్పులో వేసుకోవచ్చు.