మృదంగం వస్తే గమెలాన్ తేలికేనా?

"ఎనిమిదేళ్లు మృదంగం నేర్చుకున్నాను, జావా గమెలాన్ త్వరగా పట్టుబడుతుందా?" అని ఒకరు అడిగారు (గమెలాన్ అంటే జేగంటల్లాంటి గాంగ్‌లు, కంచు పలకల వాద్యాలు, డోలు కలిసి మోగే వాద్యబృందం). పట్టుబడదు. నేనూ అదే నమ్మకంతో జావాలోని సురకర్త వెళ్లాను. ఆ ఊరిని అక్కడ అందరూ సోలో అంటారు.

మొదటివారం లాంచరన్ అనే చిన్న రచన ఇచ్చారు. పదహారు లెక్కలు, చివర పెద్ద గాంగ్. నా వంతు కెంపుల్, అంటే చట్రానికి వేలాడే మధ్యరకం గాంగ్‌లు. పదహారింటిలో నేను కొట్టాల్సినవి మూడే: 6, 10, 14. మరి 2 ఎందుకు వదిలారు? నాలుగేసి లెక్కలకి ఒకటి పడాలి కదా అనుకుని 2 మీద కూడా కొట్టేశాను. కెండాంగ్ (బృందాన్ని నడిపించే డోలు) వాయిస్తున్న మాస్టారు ఆపలేదు, అరచెయ్యి మాత్రం చూపించారు. అయిపోయాక "వెలా" అన్నారు. అది ఖాళీగా ఉంచాల్సిన చోటు. అప్పుడే మోగిన పెద్ద గాంగ్ నాదం ఇంకా గదిలోనే ఉంది. దాని మీద నేను దెబ్బ వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అసలు చిక్కు లెక్కలోనే ఉంది. మనకి సమం అంటే ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మొదలు. వాళ్లకి గాంగ్ పదహారో లెక్క, ముగింపు. నాలుగు స్వరాల గుంపులో కూడా బరువు నాలుగోదాని మీదే. గాంగ్ వినగానే నా వేళ్లు "ఒకటి" అనేవి. వాటిని మాన్పించడానికి రెండు నెలలు పట్టింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. గమెలాన్‌లో స్లెండ్రో అనే ఐదు స్వరాల వరస అంటే మన మోహన రాగమే అని వీడియోల కింద రాసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. ఐదు స్వరాలుంటే చాలా? స్లెండ్రోలో స్వరాల మధ్య ఎడం దాదాపు సమానం. మోహనంలో గాంధారం నుంచి పంచమానికి, ధైవతం నుంచి పై షడ్జానికి ఎడం ఎక్కువ. పైగా ఒక గమెలాన్ శ్రుతి ఇంకో గమెలాన్‌కి కలవదు, అందుకే ఒక సెట్టులోని సారోన్‌ని (సుత్తితో కొట్టే కంచు పలకల వాద్యం) మరో సెట్టులో పెట్టరు. శ్రుతిపెట్టెకి అలవాటైన చెవికి మొదట్లో అపశ్రుతిలా అనిపిస్తుంది. అది అపశ్రుతి కాదు, ఆ సెట్టుకని కంచు కొట్టినవాళ్లు పెట్టిన శ్రుతి.

ఫొటోల కోసం వాద్యాల మీదుగా అడుగేసి దాటే పర్యాటకులంటే కూడా నాకు కోపం. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పులు బయట విడవండి, చుట్టూ తిరిగి వెళ్లండి.

మీ మృదంగం ఒకచోట పనికొస్తుంది, కెండాంగ్ మాట వినడానికి. వేగం పెంచేదీ తగ్గించేదీ, ముగింపుకి పిలిచేదీ అదే. చివర్లో అంతా నెమ్మదించి గాంగ్ మోగుతుంది. మిగతావాళ్లం ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఆఖరి స్వరం వాయిస్తాం. తీర్మానం (ముగింపు జతి) తర్వాత అందరితోపాటు ఒకే దెబ్బ మీద వాలడం అలవాటైన చెయ్యి నాది. మొదటి కచేరీలో సారోన్ మీద సుత్తి ఎత్తి ఆ క్షణం ఆగినప్పుడు ఎంత టెన్షన్ పడ్డానో ఇప్పటికీ గుర్తుంది.