మిషిగన్ చలిలో మొదటి కారు: కొత్తగా వచ్చిన మనవాళ్ల సందేహాలకు జవాబులు

విజయవాడ ఆటోనగర్‌లో బండి బాగు చేయించుకున్నవారికి సామాను ఖరీదు, కూలి చవక అనే లెక్క ఒంటబట్టి ఉంటుంది. అమెరికాలో ఆ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ మిషిగన్‌లో మామూలు గ్యారేజీలోనే గంట కూలి 100 డాలర్లు దాటుతుంది, డీలరు దగ్గరైతే ఇంకా ఎక్కువ. అందువల్ల చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి అయినా, హెచ్1బీ మీద వచ్చిన ఉద్యోగి అయినా ఏ లోపం కనిపిస్తే బండిని అక్కడికక్కడే ఆపాలో, ఏ లోపంతో వారం రోజులు నిశ్చింతగా తిరగవచ్చో, ఏ పని తన చేతులతో పది నిమిషాల్లో అయిపోతుందో తెలుసుకొని ఉండడం అవసరం. ఈ మూడింటినీ వేరు చేయడం తెలియకపోవడం వల్లనే మన పిల్లల డబ్బు గ్యారేజీల పాలవుతోంది. నేను డెట్రాయిట్ శివార్లలో ఉంటాను కాబట్టి ఇక్కడి చలిని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో దిగినవారు మంచు, ఉప్పు సంగతులు వదిలేసి మిగిలినవి చదువుకోవచ్చు.

మొదట కొనడం గురించి. కొత్తగా వచ్చినవారిలో చాలామంది లక్ష మైళ్లకు అటూ ఇటూ తిరిగిన కరోలా, క్యామ్రీ, సివిక్, అకార్డ్ బండ్లలో ఒకటి తీసుకుంటారు. అది మంచి నిర్ణయమే. అయితే మీటరు మీద ఉన్నవి మైళ్లన్న సంగతి మరచిపోకూడదు, లక్ష మైళ్లంటే లక్షా అరవై వేల కిలోమీటర్లు. బండి చూడడానికి వెళ్లే ముందే అమ్మేవారిని అడిగి బండి గుర్తింపు సంఖ్య అయిన 17 అక్షరాల విన్ నంబరు తీసుకోండి. దాన్ని జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో వేస్తే ఆ బండికి పెండింగులో ఉన్న రీకాల్స్, అంటే తయారీ లోపాన్ని సరిచేయడానికి కంపెనీ ఇచ్చిన పిలుపులు, ఉచితంగా కనిపిస్తాయి. ఇది నామమాత్రపు జాగ్రత్త అనుకోవద్దు. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల రీకాల్ అమెరికా చరిత్రలోకెల్లా పెద్దది, ఎయిర్‌బ్యాగును ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లను 6 కోట్లకు పైగా వెనక్కి పిలిచారు. వేడికి, తేమకు పాడైన ఇన్‌ఫ్లేటరు ప్రమాద సమయంలో పగిలి లోహపు ముక్కలను మనిషి మీదికి విసురుతుంది. వాటిని మార్పించుకోకుండా చేతులు మారుతున్న పాత హోండాలు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. మార్చడానికి డీలరు పైసా తీసుకోడు, మీరు ఎన్నో యజమాని అని అడగడు కూడా.

బండి ఎవరిదో చెప్పే టైటిల్ కాగితం మీద 'సాల్వేజ్' అనో 'రీబిల్ట్' అనో ఉంటే ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ ఆ బండిని పనికిరాదని వదిలేసిందన్న మాట. ధర చూసి ఆశపడేవారు తిరిగి అమ్మేటప్పుడు అదే ధర తమకూ వస్తుందని గుర్తుంచుకోవాలి. డీలరు దగ్గర కొంటే అద్దానికి అంటించిన బయ్యర్స్ గైడ్ చదవండి. అందులో 'యాజ్ ఈజ్' (ఉన్నది ఉన్నట్టుగా) దగ్గర టిక్కు పెట్టి ఉంటే గేటు దాటాక వచ్చే ఖర్చంతా మీదే, డీలరు నోటిమాటగా ఎంత భరోసా ఇచ్చినా సరే. వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్ ఉన్న 2017 వరకటి అకార్డు అయితే, వాల్వులను వేళకు కదిలించే టైమింగ్ బెల్టు మార్చారా లేదా అని రసీదు చూపించమనండి. లక్ష మైళ్ల ప్రాంతంలో దాన్ని మార్చాలి, మార్చకుండా నడిపి అది తెగితే వాల్వులు దెబ్బతిని ఇంజినే పోతుంది. నాలుగు సిలిండర్ల కరోలా, 2006 తరువాతి సివిక్ వంటి వాటిలో ఉండేది చైను కాబట్టి ఈ బెంగ లేదు.

మన ఊళ్లలో కారు కొనేటప్పుడు ఎవరూ చూడనిదీ ఇక్కడ తప్పక చూడవలసిందీ తుప్పు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు బండి కిందిభాగాన్ని తినేస్తుంది. డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైబడిన లోతులో, పెద్ద ఉప్పు గని ఉందంటే ఇక్కడివాళ్లు ఉప్పు విషయంలో ఎందుకు పొదుపు చేయరో అర్థమవుతుంది. బండి చుట్టూ తిరిగి పెయింటు మెరుస్తోందని సంతోషపడకుండా, మోకాళ్ల మీద కూర్చొని ఫోను లైటుతో తలుపుల కింద పొడవునా సాగే రాకర్ ప్యానెల్‌ను, చక్రాల వెనుక భాగాన్ని, చట్రాన్ని, సన్నని బ్రేకు గొట్టాలను చూడండి. పైపైన ఎర్రబారి ఉంటే ఇక్కడి బండికి అది సహజం. వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలుతున్నా, మెత్తగా లోపలికి దిగుతున్నా ఆ బండి వద్దు. బ్రేకు గొట్టం తుప్పుపట్టి చిల్లుపడిన రోజున పెడలు నేలకు తాకుతుంది. మీకు చూడడం రాకపోతే అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్‌కు 100 నుంచి 200 డాలర్లు ఇచ్చి లిఫ్టు మీద ఎక్కించి చూపించండి. అందుకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ డబ్బు కూడా మిగిలినట్టే.

ఇక చలికాలంలో ఎక్కువగా వినిపించే సందేహం: "అన్నా, రాత్రి బాగానే ఉంది, పొద్దున తాళం తిప్పితే టకటకమంటోంది, ఏం చేయమంటారు?" వరుసగా టకటకమని శబ్దం వచ్చి లైట్లు మసకబారితే బ్యాటరీలో సత్తువ లేదని అర్థం. 'టక్' అని ఒక్కసారే వినిపించి, లైట్లు బాగానే వెలుగుతూ ఉంటే స్టార్టరు మోటారును అనుమానించాలి. ఇంజిన్ ఎప్పటిలాగే గిరగిర తిరిగి కూడా అందుకోకపోతే లోపం బ్యాటరీలో లేదు. పెట్రోలు, స్పార్కులవైపు చూడాలి. బ్యాటరీని నిజంగా పాడుచేసేది వేసవి వేడి; చలి ఆ బలహీనతను బయటపెడుతుంది. సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో మైనస్ 18 దగ్గర, ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ కూడా ఎంతో శక్తి కోల్పోతుంది, అదే సమయంలో చిక్కబడిన ఆయిల్లో ఇంజిన్‌ను తిప్పడానికి మామూలు కంటే ఎక్కువ శక్తి కావాలి. మూడేళ్లు దాటిన బ్యాటరీని అక్టోబరులోనే విడిభాగాల దుకాణానికి తీసుకువెళ్లండి, చాలాచోట్ల ఉచితంగా పరీక్షించి చెబుతారు.

జంప్ స్టార్ట్ చేసేటప్పుడు కేబుళ్ల వరుస తప్పకూడదు. ముందు రెండు బండ్లూ ఆపేయాలి. ఎర్ర క్లిప్పు మొదట చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు పెట్టాలి. ఆ తరువాత నల్ల క్లిప్పు మంచి బ్యాటరీ మైనస్‌కు. మిగిలిన నల్ల కొసను చచ్చిన బ్యాటరీ మైనస్‌కు తగిలించకుండా, దానికి దూరంగా ఇంజిన్ మీద రంగు లేని లోహపు బోల్టు ఏదైనా చూసి పట్టించాలి. చివరి క్లిప్పు తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేవడం మామూలే, బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్‌కు ఆ రవ్వ అంటుకోకూడదనే ఈ జాగ్రత్త. మంచి బండిని స్టార్టు చేసి ఐదు నిమిషాలు ఉంచి, అప్పుడు రెండోదాన్ని ప్రయత్నించండి. స్టార్టయ్యాక కేబుళ్లు పెట్టిన వరుసకు తిరుగు వరుసలో తీసివేసి, కనీసం అరగంట రోడ్డు మీద తిప్పండి. ఐదు నిమిషాల్లో ఆఫీసుకు చేరి ఆపేస్తే సాయంత్రం మళ్లీ అదే కథ. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో బూజులాంటిది పేరుకొని ఉంటే కొత్త బ్యాటరీ కొనే ముందు వేడినీళ్లలో వంటసోడా కలిపి తోమి చూడండి, చాలాసార్లు దానితోనే సమస్య తీరిపోతుంది.

టైర్ల గాలి గురించి అడిగేవాళ్లూ ఎక్కువే. ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుదలకు గాలి సుమారు ఒక పీఎస్‌ఐ పడిపోతుంది. సెప్టెంబరులో 70 డిగ్రీల దగ్గర 33 పెట్టించుకున్నవారికి జనవరిలో 10 డిగ్రీల ఉదయాన 27 చూపిస్తుంది, టైరుకు ఏ చిల్లూ లేకుండానే. 2008 మోడలు నుంచి అన్ని కార్లకూ తప్పనిసరైన టైరు హెచ్చరిక దీపం గాలి దాదాపు నాలుగోవంతు తగ్గేదాకా వెలగదు కాబట్టి, దీపం లేదంటే గాలి సరిపోయిందని అనుకోకూడదు. ఎంత పెట్టాలన్నది డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు పక్కన అచ్చేసిన అంకె అది తట్టుకోగల గరిష్ఠం మాత్రమే. అరుగుదల చూడడానికి పావు డాలరు నాణెం చాలు. వాషింగ్టన్ తల కిందికి వచ్చేలా గాడిలో పెట్టినప్పుడు తల పైభాగం పూర్తిగా కనిపిస్తే ఆ టైరు మంచుకు పనికిరాదు. ఆల్ వీల్ డ్రైవ్ బండి కదలడానికే ఉపయోగపడుతుంది, ఆగడానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆగేది టైర్ల మీదే.

డాష్‌బోర్డు మీద వెలిగే దీపాల విషయంలో రంగు చూసి నిర్ణయం తీసుకోండి. ఎర్ర నూనెబుడ్డి గుర్తు వస్తే ఆయిల్ ప్రెషరు పోయిందని అర్థం, తరువాతి ఎగ్జిట్ దాకా వెళ్దామని కూడా అనుకోకుండా ఇంజిన్ ఆపండి. ఎర్ర థర్మామీటరు వచ్చినా అంతే, వేడిగా ఉండగా రేడియేటరు మూత మాత్రం తిప్పవద్దు. ఎర్ర బ్యాటరీ గుర్తు అయితే ఆల్టర్నేటరు ఛార్జి చేయడం లేదన్న మాట. బ్లోయరు, రేడియో కట్టేసి దగ్గరలోని గ్యారేజీకి చేరండి, దారిలో ఆపితే మళ్లీ స్టార్టు కాదు.

పసుపు రంగు చెక్ ఇంజిన్ దీపం వేరే రకం. 1996 తరువాతి ప్రతి కారులోనూ స్టీరింగు కింద లోపాల కోడు చదవడానికి ఓబీడీ సాకెట్ ఉంటుంది, ఇరవై ముప్పై డాలర్ల చిన్న రీడరు అందులో పెడితే కోడు ఫోనులో కనిపిస్తుంది. పీ0455 వంటి కోడు వచ్చిందంటే పెట్రోలు ఆవిరి ఎక్కడో బయటికి పోతోందని అర్థం, దానికి కారణం తరచుగా పెట్రోలు ట్యాంకు మూత వదులుగా పెట్టడమే. క్లిక్కుమనేదాకా తిప్పి కొన్ని రోజులు నడిపితే దీపం తానే ఆరిపోతుంది. ఈ ఒక్క సంగతికి గ్యారేజీకి వెళ్లి పరిశీలన రుసుమంటూ వంద డాలర్లు కట్టి వచ్చినవాళ్లను చూశాను. అయితే అదే దీపం మిణుకు మిణుకుమంటూ, బండి కుదుపుతూ ఉంటే మాత్రం ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతోందని గ్రహించి ఆపేయాలి. కాలని పెట్రోలు వెళ్లి, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరును కాల్చేస్తుంది, దాని ఖరీదు మీరు కొన్న పాత బండి ధరలో గణనీయమైన భాగం ఉంటుంది.

ఆయిల్ మార్పించడానికి వెళ్లినచోట మురికి ఫిల్టరు తెచ్చి మీ ముఖం ముందు పెట్టి, ఇది మార్చకపోతే ఊపిరితిత్తులు పాడవుతాయన్నట్టు మాట్లాడతారు. కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే ఆ క్యాబిన్ ఫిల్టరు మార్చవలసినదే, కాని చాలా బండ్లలో అది గ్లౌవ్ బాక్సు వెనుకనే ఉంటుంది, రెండు క్లిప్పులు నొక్కి బాక్సు దించితే చేతికి వస్తుంది. ఆన్‌లైనులో పన్నెండు, పదిహేను డాలర్లకు దొరుకుతుంది. ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్ వంటివి మాన్యువల్లో లేకపోతే వద్దని మర్యాదగా చెప్పండి. 3,000 మైళ్లకే రమ్మని అద్దానికి అంటించే స్టిక్కరు కూడా అంతే. సింథటిక్ ఆయిల్ వాడే బండికి ఎన్ని మైళ్లని మాన్యువల్ చెబుతుందో దాన్నే నమ్మండి.

పెట్రోలు బంకులో 87 అంకె చూసి, ఇండియాలో 91 పోయించాం కదా, ఇది నాసిరకమేమోనని కొందరు ప్రీమియం పోయిస్తున్నారు. అక్కడి అంకె రీసెర్చ్ ఆక్టేన్ అనే ఒక్క కొలత, ఇక్కడిది రెండు రకాల ఆక్టేన్ కొలతల సగటు; ఇక్కడి 87, అక్కడి 91 దాదాపు ఒక్కటే. మాన్యువల్ ప్రీమియం తప్పనిసరి అనకపోతే 87 చాలు. ఇక్కడ చాలా బంకుల్లో ఆకుపచ్చ పిడి డీజిలుది అన్నది మాత్రం కొత్తవారు గుర్తుంచుకోవాలి, అయితే కొన్ని కంపెనీల బంకుల్లో అన్ని పిడులూ ఆకుపచ్చగానే ఉంటాయి కాబట్టి రంగును కాక రాతను చదవండి.

మంచు మొదలయ్యేలోపు అద్దాలు కడిగే నీళ్లు తీసేసి, మైనస్ 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తట్టుకునే నీలిరంగు ద్రవం పోయండి. రేడియేటరులో తగ్గినప్పుడు మంచినీళ్లు పోసే మన అలవాటు ఇక్కడ ఇంజిన్ బ్లాకును పగులగొడుతుంది, సగం సగం కలిపిన కూలెంటే వాడాలి. మంచులో కూరుకుపోయిన బండిలో హీటరు వేసుకొని కూర్చోవలసివస్తే ముందు దిగి పొగగొట్టం చుట్టూ మంచు తవ్వండి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది, దానికి వాసన ఉండదు. జారే రోడ్డు మీద బ్రేకు నొక్కినప్పుడు పెడలు కాళ్ల కింద గడగడలాడితే అది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనితనం, భయపడి వదలకుండా గట్టిగా నొక్కి ఉంచండి.

హైవే మీద బండి ఆగిపోతే కుడివైపు షోల్డరుకు (రోడ్డు అంచుకు) తెచ్చి, హజార్డ్ లైట్లు వేసి, ట్రాఫిక్ లేని వైపు తలుపు నుంచి దిగి గార్డ్‌రెయిల్ వెనుకకు వెళ్లండి. అందుకు వీలు లేకపోతే బెల్టు పెట్టుకొని లోపలే ఉండండి. ఇన్సూరెన్సులో నెలకు కొద్ది డాలర్లతో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కలుపుకొని ఉంటే ఆ నంబరుకు ఫోను చేయాలి. మీరు పిలవకుండానే ఒక టో ట్రక్కు వచ్చి ఆగి సాయం చేస్తానంటే, ఎవరు పంపారో, ఎక్కడికి తీసుకువెళతాడో, మొత్తం ఎంత అవుతుందో తెలుసుకునే వరకు కొక్కెం తగిలించనివ్వకండి.